లైట్ల మావ చెప్పిన కారణాలు

వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నానికి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో మా ఊరు. 1960ల చివర్లో మాకింకా కరెంటు రాలేదు. పొద్దు గూకితే ఇంటికో కిరసనాయిలు బుడ్డి, కాస్త కలిగినవాళ్ళింట్లో లాంతరు. తూర్పున లైట్‌హౌసు వెలుగు ఆకాశంలో ఒక చుట్టు తిరిగి పోయేది. అది ఓడలకి, మాకు కాదు. మాకు వెలుగు ఏడాదిలో కొన్ని రాత్రులే వచ్చేది: పెళ్ళి ఊరేగింపుకి, అమ్మోరి పండక్కి, తూర్పు భాగవతం ఆడిన రాత్రికి. ఎవరి పెళ్ళో, ఏ పండగో మర్చిపోయినా 'ఆ వేళ గేస్‌లైట్లొచ్చాయి' అంటే పిల్లలందరికీ గుర్తుండేది.

గేస్‌లైట్లంటే పెట్రోమాక్సులు. వాటిని అద్దెకిచ్చేది మా వీధి చివరింటాయన. ఊరంతా లైట్ల మావ అనేది. మాకు చుట్టరికం లేదు గానీ ఊరి వరసన నాకూ మావే. ముందుగదిలో దూలానికి ఇనప కొక్కేలు, కొక్కేలకి వరసగా ఇత్తడి లైట్లు. ఆయన కొడుకూ నేనూ ఒకే తరగతి కావడంతో, లైట్లు సిద్ధం చేసే సాయంత్రాల్లో ఆ గదిలోకి నన్ను రానిచ్చేవాడు. మిగతా పిల్లలు గడప అవతలే నిలబడేవాళ్ళు.

ముందు కిరసనాయిలు గుడ్డలో వడగట్టి టాంకులో పోసేవాడు. తర్వాత అట్టపెట్టెలోంచి మేంటిల్ తీసేవాడు. మడతపెట్టిన చిన్న తెల్ల సంచి అది, పల్చటి నేత, మూతి దగ్గర దారం. ఆ దారాన్ని బర్నరు మెడకి చుట్టి బిగించి, మిగిలిన కొసలు పళ్ళతో కొరికేసేవాడు. ముడతలు వేలితో సర్ది, కింది గిన్నెలో స్పిరిటు పోసి అగ్గిపుల్ల గీసేవాడు. మేంటిల్ ముందు నల్లబడి ముడుచుకునేది. ఆ మీద అంచుల నుంచి తెల్లబడుతూ పైకి పాకేది. అప్పటికి అందులో గుడ్డ కాలిపోయింది. గుడ్డ ఆకారంలో బూడిద మాత్రం నిలబడి ఉంది. వేలు తగిలితే రాలిపోతుంది. అప్పుడు పంపు కొట్టేవాడు. బుస్సుమని చప్పుడు, నీలం మంట, వెంటనే గదంతా తెల్లగా అయిపోయేది. గోడకి లేచిన సున్నం పెచ్చులు, మావ ముఖం మీది మశూచి మచ్చలు, నా చొక్కాకి కుట్టిన వేరే రంగు గుండీ, అప్పటిదాకా ఉండీ కనపడనివన్నీ కనపడేవి.

వెలిగించడం కంటే నాకు ఎక్కువ నచ్చింది, లైటు ఆగిపోయినప్పుడు ఆయన చేసే విచారణ. భాగవతం తెల్లవార్లూ ఆడేవారు. సత్యభామ జడ ముందుకేసుకుని దరువు ఎత్తుకునే వేళకి ఒక లైటు ఎర్రబడేది. జనం గొడవ చేసేవాళ్ళు. మావ మాత్రం తొందరపడేవాడు కాదు. నిచ్చెనెక్కి, మంట రంగు చూసి, చెవి దగ్గర పెట్టి చప్పుడు విని, కారణం చెప్పేవాడు. పచ్చగా వెలిగితే నాజిల్లో నలుసు, పిన్ను పెట్టి పొడవాలి. ఉండి ఉండి ఎగిసిపడితే నూనెలో నీళ్ళున్నాయి. మేంటిల్ చిరిగితే ఉసిళ్ళు కొట్టుకున్నాయి, లేదా మోసిన మనిషి తల విదిల్చాడు. ఒకసారి గాలి లేదు, పురుగు లేదు, ఎవరూ తాకలేదు, అయినా మేంటిల్ ఊడి పడింది. ఆయన కొడుకు "ఊరకే పడిపోనాదయ్యా" అన్నాడు. మావ ఒప్పుకోలేదు. ఆట అయిపోయి జనం వెళ్ళిపోయాక కూడా ఆ బర్నరు విప్పుకుని కూచున్నాడు. తెల్లారాక మట్టి నాజిలుకి వెంట్రుకంత పగులు దొరికింది. దాన్ని మాకిద్దరికీ వెలుతురులో తిప్పి తిప్పి చూపించాడు.

"ఏదీ ఊరకే అవ్వదురా గుంటడా. లోపల ఏదో ఒకటి అయ్యుంటాది. మనకి అవుపడకపోడం వేరు, నేకపోడం వేరు."

ఆ మాట నాలో ఎంత లోతుగా దిగిందో చెప్పలేను. ఆ రోజుల్లో నా చుట్టూ ఉన్న పెద్దలంతా, ఎవరి దారిన వాళ్ళు, అదే చెప్పేవాళ్ళు. అమ్మ 'రాసిపెట్టుంది' అనేది. ఏది జరిగినా ముందే ఎక్కడో రాసి ఉందని. సైన్సు మాస్టారు గ్రహణం ఎన్నింటికి పడుతుందో ముందే చెప్పొచ్చని, అన్నిటికీ లెక్క ఉందని చెప్పేవారు. రాసింది బ్రహ్మ కావచ్చు, న్యూటన్ సూత్రం కావచ్చు, నాజిలు పగులు కావచ్చు. కారణం లేకుండా కార్యం ఉండదన్నదాంట్లో ముగ్గురికీ తేడా లేదు. నేను ఆ ముగ్గురి పెంపకం.

తర్వాత నేను చదివింది కామర్సు, చేసింది తపాలా శాఖలో ఉద్యోగం. భౌతికశాస్త్రం నాకు హైస్కూలుతోనే ఆగిపోయింది. మళ్ళీ అది ఇంట్లోకి వచ్చింది మా అమ్మాయి వల్ల. తను విశాఖలో ఎమ్మెస్సీ చదువుతున్నప్పుడు ఒకసారి, పూర్ణా మార్కెట్ దగ్గర పాత సామాన్ల దుకాణంలో పెట్రోమాక్సు మేంటిళ్ళు నాలుగైదు కనపడ్డాయి. చిన్నప్పటి మీద మమకారం కొద్దీ కొన్నాను. వాటిని చూడగానే అమ్మాయి కళ్ళు మెరిశాయి. "నాన్నా, ఇవి నాకోసారి ఇస్తావా? సైన్సు దినోత్సవానికి చూపిస్తాం" అంది. ఫిబ్రవరి 28న నన్నూ రమ్మంది.

బల్ల మీద గైగర్ కౌంటరు పెట్టారు. ఒక కుర్రాడు నా అట్టపెట్టె విప్పి మేంటిల్‌ని దాని గొట్టం ముందు పెట్టాడు. అప్పటిదాకా ఎప్పుడో ఒక్కసారి టక్కుమంటున్న యంత్రం టకటకలాడడం మొదలుపెట్టింది. కాస్త దూరం జరిపితే చప్పుళ్ళు పల్చబడ్డాయి. శ్రద్ధగా విన్నాను. గడియారంలా సమంగా లేవు. రెండు వెంటవెంటనే, తర్వాత ఖాళీ, ఆ మీద నాలుగు గుంపుగా, మళ్ళీ ఖాళీ. తాళం ఏదైనా పట్టుకుందామని చూశాను, దొరకలేదు. "తాళం లేదు నాన్నా. ఎంతసేపు విన్నా దొరకదు. ఉంటే ఈపాటికి దొరికేసేది" అంది అమ్మాయి.

మేంటిల్‌లో గుడ్డ కాలిపోయాక మిగిలే ఆ తెల్ల బూడిద థోరియం ఆక్సైడ్. ఆ చప్పుళ్ళు అందులోని పరమాణువులు పగిలినప్పుడు వచ్చేవి. ఆస్ట్రియా రసాయనవేత్త కార్ల్ ఆవర్ ఫన్ వెల్స్‌బాఖ్ 1891లో ఈ పాళ్ళు తేల్చాడు: నూటికి 99 పాళ్ళు థోరియం, ఒక పాలు సీరియం. ఆ కలయిక, బొగ్గు ఎర్రగా మాత్రమే వెలిగే వేడిలో కూడా, తెల్లగా వెలుగుతుంది. దాంతో యూరప్ గ్యాసు వీధి దీపాలకి థోరియం కావాల్సి వచ్చింది. 1909లో షోంబర్గ్ అనే జర్మన్ రసాయనవేత్త, తిరువాన్కూరు నుంచి వచ్చిన కొబ్బరి పీచుకి అంటుకున్న ఇసుకలో మోనజైట్ ఉందని గుర్తించాడు. థోరియం ఉండే ఖనిజం అది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ ఇసుకని శుద్ధి చేసే పనిని మన ప్రభుత్వమే చేపట్టింది. మా మేంటిళ్ళలోని థోరియం ఆ దక్షిణాది తీరానిదే అయి ఉండాలి. కానీ మోనజైట్ మా ఒడ్డునా ఉంది. భీమిలి నుంచి భావనపాడు దాకా తీరమంతా అల వెనక్కి పోయినప్పుడు ఇసుక మీద నల్లటి, ఎర్రటి చారలు మిగులుతాయి. నలుపు ఇల్మనైట్, ఎరుపు గార్నెట్, వాటి మధ్య తేనెరంగు రవ్వలుగా మోనజైట్. మేం ఆ చారల మీద వేళ్ళతో పేర్లు రాసుకునేవాళ్ళం.

లెక్క అమ్మాయి చెప్పింది, నేను కాగితం మీద చేసి చూసుకున్నాను. మేంటిల్‌లో పావు గ్రాము థోరియం ఉందనుకుంటే సెకనుకి సుమారు వెయ్యి పరమాణువులు పగులుతాయి. అంటే సత్యభామ అలక తీరేలోగా మా నెత్తిన ఒక్కో లైటులో కోట్లకొద్దీ. మావ మేంటిల్ చిరిగినప్పుడల్లా బూడిదని నోటితో ఉఫ్‌మని ఊదేసేవాడు. ఆ ధూళి పీల్చకూడనిది. చర్మం మీద పడితే పర్వాలేదు గానీ ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. ఇప్పుడు చాలా దేశాల్లో థోరియం మానేసి యిట్రియం వాడుతున్నారట, మంచిదే.

నన్ను పట్టుకుని వదలనిది ఆ ప్రమాదం సంగతి కాదు. పగిలే ఆ వెయ్యిలో 'ఇదే ఎందుకు, ఇప్పుడే ఎందుకు' అన్న ప్రశ్న. థోరియం అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం పగలడానికి పట్టే కాలం, 1,405 కోట్ల సంవత్సరాలు. ఈ విశ్వం వయసు కంటే ఎక్కువ. భూమి పుట్టినప్పుడున్న థోరియంలో ఐదింట నాలుగు వంతులు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పక్కపక్కనే ఉన్న రెండు పరమాణువుల్లో ఒకటి మా భాగవతం నాటి రాత్రి పగిలింది, రెండోది ఇంకో వెయ్యి కోట్ల ఏళ్ళు అలాగే ఉండొచ్చు. మొదటిది ముసలిదైపోయిందా? లేదు. పరమాణువుకి వయసు మీద పడదు. నాలుగు వందల కోట్ల ఏళ్ళు గడిపినదానికీ నిన్న పుట్టినదానికీ రేపు పగిలే అవకాశం అణువంత తేడా లేకుండా ఒకటే. అరుగుదల లేదు, నలుసు లేదు, వెంట్రుకంత పగులు లేదు. పగిలే క్షణానికి ముందు క్షణం దాకా రెండూ అన్ని విధాలా ఒకటే.

పగలడం ఎలా సాధ్యమో మాత్రం తెలుసు. 1928లో 24 ఏళ్ళ జార్జ్ గామో చెప్పాడు, అదే ఏడాది అమెరికాలో గర్నీ, కాండన్ చెప్పారు. పరమాణువు పగిలినప్పుడు బయటికొచ్చేది ఆల్ఫా కణం. కేంద్రకం లోపల దాని చుట్టూ శక్తిగోడ ఉంది. ఆ గోడ ఎక్కేంత బలం కణానికి లేదు. సెకనుకి కోటి కోట్ల కోట్ల సార్లు గోడని తాకి వెనక్కి వస్తుంది. ఎప్పుడో ఒకసారి అవతల ఉంటుంది. దొడ్డి తలుపు తియ్యకుండా, కంచె దూకకుండా ఆవు తెల్లారేసరికి చేలో మేస్తూ కనపడినట్టు. కణానికి అలలాంటి స్వభావం ఉందని, ఆ అల కొస గోడ అవతలికి ఇంకా కొంచెం మిగిలి ఉంటుందని, ఆ మిగిలినంత మేరా కణం అక్కడ ఉండే అవకాశం ఉందని చెప్తారు. బలంలో కాస్త తేడా వస్తే చాలు, అవకాశం ఊహించలేనంతగా మారిపోతుంది. థోరియం వదిలే ఆల్ఫా కణం శక్తి సుమారు 4 ప్రమాణాలనుకుంటే, థోరియం పగిలాక వరసగా పుట్టే పరమాణువుల వంశంలో చివర వచ్చే పొలోనియం-212 వదిలేది 9 దాకా. రెట్టింపు కంటే కొంచెం ఎక్కువ, అంతే. కానీ థోరియం అర్ధాయువు 1,405 కోట్ల ఏళ్ళైతే, ఆ పొలోనియానిది సెకనులో పది లక్షల వంతుకి మూడో వంతు కూడా లేదు. ఈ రెండూ ఒకే మేంటిల్‌లో, ఒకే బూడిదలో ఉన్నాయి. ఆ మాట విన్నప్పుడు నా చేతి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

ఈ వివరణకి ఆధారమైన క్వాంటమ్ సిద్ధాంతం పుట్టుకలోనూ దీపాల పాత్ర ఉంది. 1890లలో బెర్లిన్‌లోని ప్రభుత్వ ప్రయోగశాల, గ్యాసుదీపం ఎంత వెలుగిస్తోంది, విద్యుద్దీపం ఎంత వెలుగిస్తోంది అని కొలవడానికి ఒక ప్రమాణం కోసం వేడెక్కిన కొలిమి వెలుగుని రంగుల వారీగా కొలిచింది. ఆ కొలతలు పాత సూత్రాలకి లొంగలేదు. 1900 డిసెంబరు 14న మాక్స్ ప్లాంక్ వాటికి సరిపోయే లెక్క చెప్పాడు: శక్తి ధారగా కాదు, విడివిడి మోతాదుల్లో వస్తుందని. పెట్రోమాక్సు తయారైంది కూడా అదే నగరంలో, పదేళ్ళ తర్వాత. ఇక మా ఊళ్ళో బస్సెక్కితే పూటలో చేరే విశాఖలోనే, పశ్చిమ గోదావరి గొరగనమూడిలో పుట్టి సన్యాసం పుచ్చుకుని హిమాలయాల్లో తపస్సు చేసి, ఆ పైన యూరప్ వెళ్ళి భౌతికశాస్త్రం చదివొచ్చిన స్వామి జ్ఞానానంద ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక పరిశోధనకి పునాది వేశారు. నా చిన్నతనంలోనే అక్కడ ఈ చప్పుళ్ళు లెక్కపెట్టేవాళ్ళున్నారు. ఆ కబురు మా వీధి దాకా రాలేదంతే.

సైన్సు దినోత్సవం రోజు కుర్రాళ్ళు ఇంకొకటి చూపించారు. మూతి బిగించిన ప్లాస్టిక్ సీసాలో మేంటిళ్ళు వేసి ఉంచారు. థోరియం వంశంలో ఒక తరం వాయువు, థోరాన్. అది సీసాలో పోగవుతుంది. సీసా నొక్కి ఆ గాలిని ఒక చిన్న గదిలోకి పంపి, పది పది సెకన్లకి ఎన్ని చప్పుళ్ళో పలక మీద రాశారు. 55 సెకన్లు దాటేసరికి సంఖ్య సుమారు సగం. మరో 55కి అందులో సగం. అర్ధాయువు అన్న ఊహే 1900లో రూథర్‌ఫర్డ్‌కి మాంట్రియల్‌లో ఈ థోరాన్‌తోనే తట్టింది. నేను రెండూ ఒకేసారి గమనించాను. చెవికి వినపడే చప్పుళ్ళలో ఏ క్రమమూ లేదు, పలక మీది అంకెలు మాత్రం కాస్త అటూ ఇటూ ఊగుతూనే ఒక గీత వెంట దిగుతున్నాయి.

లైట్ల మావ శిష్యుణ్ణి కాబట్టి నేను లొంగలేదు. లోపల ఏదో ఉండి తీరాలి, మనకి కనపడడం లేదంతే అని వాదించాను. ఐన్‌స్టీన్ కూడా చివరిదాకా ఇంచుమించు అలాగే అనుకున్నాడని తెలిశాక ధైర్యం వచ్చింది. కానీ 1964లో జాన్ బెల్ అనే ఐరిష్ శాస్త్రవేత్త ఈ వాదానికి పరీక్ష పెట్టాడు. ఒకే చోట పుట్టి రెండు దిక్కులకి పోయే కాంతికణాల జంటలు తీసుకోండి. ఎటు తిప్పి కొలిస్తే ఏ జవాబివ్వాలో విడిపోయేటప్పుడే వాటిలో రాసి ఉంటే, రెండు వైపుల జవాబులూ కలిసే లెక్కకి ఒక హద్దు ఉంటుంది. అది దాటడం కుదరదు. 1972లో క్లౌజర్, 1982లో పారిస్ దగ్గర ఆస్పే, తర్వాత జైలింగర్ బృందం కొలిచి చూశారు. హద్దు దాటింది. 2022 నోబెల్ ఆ ముగ్గురికీ వచ్చింది. ఎంత దూరాన ఉన్నా ఒకదాన్నొకటి తక్షణం తాకే రహస్య కారణాన్ని ఒప్పుకుంటే తప్ప, ముందే రాసిపెట్టి ఉంది అనడానికి దారి దాదాపు లేదు. ఆ దారిన పోయే శాస్త్రవేత్తలూ కొందరున్నారు. నాకైతే ఆ కారణం, కారణం లేకపోవడం కంటే వింతగా ఉంది.

ఈ కబురు విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భయం వేసింది, ఆ మాట దాచుకోను. కొన్నాళ్ళు గడిచాక భయం పోయి గౌరవం మిగిలింది. తలరాత లేని వస్తువు ఒకటుంది ఈ లోకంలో. దాని రేపు ఎక్కడా రాసి లేదు. అది మనకి తెలియకపోవడం కాదు, అసలు లేదు. అయితే దీన్ని పట్టుకుని మనుషుల కష్టసుఖాలకి కారణాల్లేవని చెప్పేవాళ్ళంటే నాకు గిట్టదు. మా ఊళ్ళో టైఫాయిడ్‌కి కారణం నూతి నీళ్ళు. లైటు ఆరడానికి కారణం నాజిల్లో నలుసు. కోట్ల కోట్ల పరమాణువులు కలిసి పనిచేసే చోట మావ పద్ధతే సరైనది, పిన్ను పట్టుకుని వెతకాల్సిందే.

ఊళ్ళోకి కరెంటు వచ్చాక మావ ఆ లైట్లని ఇత్తడి లెక్కన తూకానికి అమ్మేశాడు. ఆయన పోయి చాలా కాలమైంది. కొడుకు ఇప్పుడు పెళ్ళిళ్ళకి సీరియల్ సెట్లు, సౌండు బాక్సులు అద్దెకిస్తాడు. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు వాడి అరుగు మీద కూచుని ఈ కథంతా చెప్పాను. మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు.

"అయితే మా అయ్య సెప్పింది తప్పేట్రా?"

"లైటు సంగతిలో తప్పు కాదురా. లైటు లోపల్లోపలికి పోతే ఒక చోట ఆ మాట ఆగిపోతాది."

కాసేపు ఆలోచించి, "ఒక్కోటీ ఎప్పుడు పగుల్తాదో దానికే తెల్దంటన్నావు. మరి నిమిషానికి సగం పోవాలని అన్నిటికీ కలిపి ఎవుడు సెప్పాడు?" అన్నాడు.

ఎవరూ చెప్పక్కర్లేదన్నాను. ప్రతిదానికీ పోయే అవకాశం అచ్చం ఒకటే గనక, కోట్లకొద్దీ ఉన్నప్పుడు లెక్క దానంతటదే కుదురుతుందని, పది ఉంటే కుదరదని చెప్పాను. వాడు తల ఊపాడు గానీ ఊరుకోలేదు.

"అచ్చం ఒకటే ఎలాగవుతాదిరా? మా అయ్య లైట్లన్నీ ఒకే కంపినీవి. ఏ రెండూ ఒక్కలా ఎలగలేదు. దేని రోగం దానిదే. ఇయి మాత్రం కొంచెం కూడా తేడా నేకండా ఎందుకున్నాయి?"

అణువంత తేడా లేదని చదివి, ఆ సంగతి ఎన్నోసార్లు ఇంకొకరికి చెప్పాను గానీ, ఎందుకు లేదని నాకెప్పుడూ తోచలేదు. అమ్మాయిని అడిగి చెప్తానన్నాను.

"అడుగు. నేను గేపకం సేస్తాను" అన్నాడు.